విన్నంతలో చివరి మాట

మా ఊరు లిథారీ కూడలిలో కాఫీ అంగడికి ఎదురుగా ఒక పాలరాతి పలక ఉంది. దాని మీద మా ఊరి వీరుడు పనాగోస్ పేరూ, తురుష్కులతో పోరులో అతడు నేలకొరిగిన సంవత్సరమూ, వాటి కింద అతని చివరి మాటలూ చెక్కి ఉన్నాయి: "నా తుపాకీని మూలన పెట్టకండి. నాకన్నా అది వెచ్చగా ఉంది." మా ఊరి పిల్లలు అక్షరాలు వచ్చాక బడి బయట కూడబలుక్కుని చదివే మొదటి వాక్యం అదే. నేనూ అలాగే చదివాను. ఆ తర్వాత పట్టణంలో భౌతికశాస్త్రం బోధించి, ఉద్యోగం ముగించుకుని ఊరికి తిరిగివచ్చాక దాన్ని మరోసారి నిదానంగా చదివాను. ఈసారి ఆ వాక్యం నిలబడలేదు.

ఆ సంగతి నా మటుకు నేను తెలుసుకుని ఊరుకునేవాణ్ణి. కానీ పోరుకు రెండువందల ఏళ్లు నిండుతున్న సందర్భంగా పురపాలక సంఘం పనాగోస్ కంచు విగ్రహం పెట్టించాలని తీర్మానించింది. పలక పాతబడింది కనుక అవే మాటలను విగ్రహం పీఠం మీద కొత్తగా చెక్కిస్తారట. వాటి ప్రామాణికతను ధ్రువీకరిస్తూ ఊళ్లో చదువుకున్నవాడెవడైనా సంతకం చేయాలట. ఉపమేయరు సరాంతోస్ ఆ కాగితం పట్టుకుని కాఫీ అంగడిలో నా బల్ల దగ్గరికి వచ్చాడు. అతడు ఒకప్పుడు నా విద్యార్థి. ఉష్ణం అనే పాఠంలో రెండుసార్లు తప్పాడు.

"మాస్టారూ, ఇక్కడొక గీత గీసెయ్యండి. కాఫీ నా ఖాతా."

"ఈ మాట పనాగోస్ అనలేదు."

"మీరు పక్కనుండి విన్నారా?"

"వినలేదు. నువ్వూ వినలేదు. కానీ ఆలోచించు. తుపాకీ తనకన్నా వెచ్చగా ఉందని చెప్పాలంటే ముందు తన ఒళ్లు ఎంత చల్లబడిందో తనకు తెలియాలి. అది ఎవరికీ తెలియదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నప్పుడు మనకు చలేస్తుంది. లోపలి నుంచి ఆ కొలత కుదరదు. ఈ వాక్యం చెప్పినవాళ్ల చెయ్యి ఒకటి తుపాకీ మీద ఉంది, ఇంకొకటి శవం నుదుటి మీద ఉంది. అది మూడో మనిషి చెయ్యి."

సరాంతోస్ చుట్టూ చూశాడు. పక్క బల్లల దగ్గర పేకాట ఆగిపోయింది.

"ఇదీ మా మాస్టారంటే," అన్నాడు వాళ్లతో. "చచ్చేవాడికి కూడా థర్మామీటరు పెట్టి మార్కులేస్తాడు."

నవ్వులు సద్దుమణిగాక నేను చెప్పవలసింది చెప్పాను. మహాపురుషుల చివరి మాటలుగా ప్రచారంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం బతికున్నవాళ్లు తమ అవసరం కొద్దీ కల్పించుకున్నవే. తన వృత్తాలను చెరపవద్దని ఆర్కిమిడీస్ అన్నాడంటారు. ఆ మాట విన్నవాడు అతన్ని పొడిచిన సైనికుడొక్కడే, ఆ సైనికుడు చరిత్ర రాసినట్టు దాఖలా లేదు. పాత దేవతలను కొలిచిన జూలియన్ చక్రవర్తి ప్రాణం పోయేముందు క్రీస్తే గెలిచాడని ఒప్పుకున్నాడంటారు. దాన్ని రాసినవాడు ఒక బిషప్పు, అదీ చక్రవర్తి పోయిన కొన్ని తరాల తర్వాత. చచ్చినవాడు అభ్యంతరం చెప్పలేడు కనుక వాడి నోరు ఊరుమ్మడి ఆస్తి.

"అన్నీ సరే గాని," అన్నాడు సరాంతోస్, "పనాగోస్ అనకపోతే ఎవరన్నట్టు?"

ఆ ప్రశ్న సబబైనదే. జవాబు తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. కాఫీ తాగడం ముగించి ఇంటికి నడిచాను.

మా అక్క లిగెరి పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయిననాడు కట్టిన నల్లబట్టలు మళ్లీ విప్పలేదు. మా కొండల్లో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని శోకపాట పాడటానికి ఆమెను పిలిచేవారు. మా శోకపాటకు ఒక కట్టడి ఉంది. పాడే మనిషి మొదట పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, లేచి మాట్లాడమంటుంది. ఆ తర్వాత గొంతు మార్చి పోయినవాడే మాట్లాడుతున్నట్టు జవాబు పాడుతుంది. విన్నవాళ్లలో ఎవరూ అది ఆమె మాట అనుకోరు. ఇంకో నియమం కూడా ఉంది. మొదటి పిలుపు రక్తసంబంధం ఉన్నవాళ్ల నోటి నుంచే రావాలి. వాళ్లు ఒక్క పాదమైనా మొదలుపెడితేనే మిగిలిన ఆడవాళ్లు అందుకోవచ్చు.

నేను వెళ్లేసరికి లిగెరి డాబా మీద రెల్లు తడకలు పరిచి అంజూరాలు ఆరబెడుతోంది.

"అక్కా, పనాగోస్ పాట మొత్తం ఒకసారి పాడు."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"ఎవరూ పోకుండా పాడితే చావును పిలిచినట్టు. నిన్ను పిలవమంటావా?"

"పాడొద్దులే, ఊరికే చెప్పు."

ఆమె పండును వేళ్లతో నొక్కి తడక మీద పెడుతూ రాగం లేకుండా చెప్పింది. ఆ పాట పనాగోస్ చెల్లెలు పరాస్కో తన అన్న శవం మీద పాడినది. మా ఇంటి ఆడవాళ్లు పరాస్కో సంతతి, వాళ్ల నోట అది ఇప్పటిదాకా వచ్చింది.

"లే, పనాగోస్, లే అన్నా, పొద్దెక్కింది. నీ తుపాకీ వాకిట గోడ మీద ఎండలో ఉంది. నువ్వు నీడలో పడుకున్నావు, నీ నుదురు బావి రాయిలా ఉంది. మాట్లాడు, వచ్చినవాళ్లు వింటున్నారు." అక్కడ ఆగి, లిగెరి ఊపిరి తీసుకుంది. తర్వాత ఆమె గొంతు లావయింది. "వచ్చినవాళ్లారా, కూర్చోండి. నా తుపాకీని మూలన పెట్టకండి. నాకన్నా అది వెచ్చగా ఉంది. పరాస్కో చేతికివ్వండి."

అంతా తేలిపోయింది. ఎప్పుడో రాజధాని నుంచి వచ్చిన పండితుడొకడు మా కట్టడి తెలియక, గొంతు మారిన చోటు నుంచి రాసుకుని, చెల్లెలి పేరున్న చివరి పాదాన్ని అనవసరమని వదిలేశాడు. మావాళ్లు తెలిసి కూడా ఊరుకున్నారు. వీరుడి మాటగా ఉంటే రాతి మీద బాగుంటుంది.

"అయితే ఇది పరాస్కో కట్టిన మాట," అన్నాను. "పీఠం మీద ఆమె పేరు ఉండాలి. మన మనిషి."

నేను ఆమెకు సంతోషం కలుగుతుందనుకున్నాను. లిగెరి నా వైపు జాలిగా చూసింది.

"కట్టడమేంట్రా? ఆయనే అన్నాడు."

"చచ్చినవాడు ఎలా అంటాడే?"

"చచ్చాకే అంటాడు. మన ఇంటి మగాళ్లలో బతికుండగా నోరు విప్పి ఒక్క మంచి మాట అన్నవాడెవడు?"

మా నాన్న గుర్తుకొచ్చాడు. అయితే ఆ క్షణాన నన్ను వేరే అనుమానం పట్టుకుంది.

"నేను పోతే నా చేత కూడా మాట్లాడిస్తావా?"

"మాట్లాడించకుండా ఎలా పంపిస్తాను? నువ్వేమైనా దిక్కులేనివాడివా?"

"ఏం మాట్లాడిస్తావు?"

లిగెరి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె ముఖంలో మంచి పనితనం చూపించబోయే మనిషి సంకోచం కనిపించింది. "మరియ తల్లీ, తలుపు తియ్యి. మెనేలాస్‌ని వచ్చాను. తలబిరుసుతో నీ గుమ్మం తొక్కలేదు, పుస్తకాల దుమ్ముతో కళ్లు మూసుకుపోయాయి..."

"అక్కా!"

"ఇంకా ఉంది. చివర్లో బాగుంటుంది."

"ఇదెప్పుడు కట్టావు?"

"నీకు గుండెనొప్పి వచ్చిన ఏడాదే. ఆసుపత్రి వరండాలో కూర్చుని కట్టాను. ఊరికే కూర్చోవడం ఎందుకని."

"కట్టడమేంట్రా అన్నావు ఇందాక. ఇప్పుడేమో కట్టానంటున్నావు."

"నువ్వు బతికున్నావు కాబట్టి కట్టాను," అంది ఏ తడబాటూ లేకుండా. "పోయాక నువ్వే అంటావు."

జూలియన్ చక్రవర్తికి ఏం జరిగిందో నాకు అప్పుడు సంపూర్ణంగా అర్థమైంది. జీవితమంతా గుడి మెట్లెక్కకుండా, ఎక్కనందుకు కారణాలు ఒక్కొక్కటే నిదానంగా వివరిస్తూ బతికాను. ఒక్క మధ్యాహ్నం చాలు, మా అక్క దాన్నంతా తుడిచిపెట్టేస్తుంది. ఆ గొంతుతో పాడితే ఊరు నమ్ముతుంది. నేను ఖండించలేను. నేను ఆ మాటే చెప్పి, నా నోట దేవుడి ఊసు రానివ్వవద్దని అడిగాను. బతిమాలాననడం సరైన మాట.

లిగెరి చాలాసేపు అంజూరాలు సర్దింది.

"నీ మీద పాడటానికి నేనున్నాను. అందుకే నీకు ఈ టెక్కు," అంది చివరికి. "నా మీద పాడటానికెవరున్నారు?"

"స్తమాతా ఉంది కదా." స్తమాతా మా పక్కింటావిడ. లిగెరి తర్వాత ఊళ్లో అంత గొంతున్నది ఆమెకే.

"స్తమాతా అందుకుంటుంది. మొదలెవరు పెడతారు? నాకు రక్తం నువ్వొక్కడివే. ఇంతమందిని పలికించి పంపించాను, మెనేలా. నేను మాత్రం చచ్చిన గాడిదలా నోరు మూసుకుని పోవాలా?"

ఆమె ఏదీ ఇంత సూటిగా అడగడం నేను వినలేదు. శోకం లేకుండా మట్టిలోకి పోవడం మా కొండల్లో పగవాడికి పెట్టే శాపం. మగవాళ్లు శోకపాట ఎత్తుకోవడమూ అరుదే. పాట కట్టడం అటుంచి, గుడి గంట మోతకు చేత్తో తాళం వేయడం కూడా నాకు చేతకాదు.

"ఒప్పందం," అంది. "నువ్వు ముందు పోతే నీ నోట దేవుణ్ణి పెట్టను. నేను ముందు పోతే నువ్వు నన్ను పిలవాలి, నా చేత మాట్లాడించాలి."

"నిజం కానిది నేను చెప్పలేను."

"నిజమే చెప్పు. నిన్ను అబద్ధం ఎవరడిగారు?"

నేను ఒప్పుకున్నాను. ఆమె నాకన్నా గట్టి మనిషి, ముందు పోయేది నేనేనని లెక్క.

విగ్రహం సంగతి నేను లేకుండానే తేలిపోయింది. పరాస్కో పేరు చేర్చమని రాసి సరాంతోస్‌కు ఇచ్చాను. అతడు తిన్నగా లిగెరి దగ్గరికి వెళ్లి అడిగాడు. "పిన్నీ, ఈ మాట ఎవరిది?" ఆమె, "పనాగోస్‌ది. ఇంకెవరిదవుతుంది?" అంది. ధ్రువపత్రం మీద వేరే పట్టణపు వకీలు సంతకం చేశాడు. ఆవిష్కరణ రోజున మాటలన్నీ కొత్త పీఠం మీద బంగారు రంగులో మెరిశాయి. మేళగాళ్లు వాయిస్తుండగా లిగెరి నా పక్కన నిలబడి, అక్షరాలు రాకపోయినా, వాటికేసి తృప్తిగా చూసింది. పరాస్కో చేతికి తుపాకీ ఇమ్మన్న పాదం ఈసారి కూడా లేదు.

ఆ వేసవి చివర, అంజూరాల రెండో కోత ఆరుతుండగా, లిగెరికి మధ్యాహ్నం ఒంట్లో బాగాలేదు. గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుంది. ఛాతీ బరువుగా ఉందంది. వైద్యుడికి ఫోను చేశాను, బయలుదేరానన్నాడు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆమె రెండు గుక్కలు తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది.

"పైకెళ్లి అంజూరాలు తిరగెయ్యరా," అంది. "ఒక పక్కే ఎండితే లోపల పులుస్తాయి."

"వైద్యుడు వస్తున్నాడు, తర్వాత చూద్దాం."

ఆమె చేత్తో డాబా మెట్ల వైపు చూపించింది.

వెళ్లాను. ఆమె మాట కాదనే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. తడకల మీద పండ్లన్నీ తిరగేసి దిగివచ్చేసరికి ఆమె అదే భంగిమలో ఉంది, తల మాత్రం గోడ వైపు వాలింది. వైద్యుడు చేయవలసిందేమీ మిగల్లేదు.

మరునాడు ఉదయం శవపెట్టెను ముందుగదిలో ఉంచారు. చుట్టూ కుర్చీల్లో నల్ల కొంగులు కప్పుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. మగవాళ్లు వాకిట్లో నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. అది మా పద్ధతి. స్తమాతా పెట్టె తలాపిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని ఉంది. ఎవరూ మొదలుపెట్టలేదు. ఎవరూ మొదలుపెట్టలేరు. ఆ గదిలో ఆడవాళ్లంతా ఏదో ఒకనాడు తమ ఇంటి శవం దగ్గర లిగెరి గొంతు విన్నవాళ్లే. ఇప్పుడు వాళ్ల మధ్య ఆమె ఒక్కతే నోరు లేకుండా ఉంది.

నేను లోపలికి వెళ్లాను. ఒకావిడ లేచి కుర్చీ ఇచ్చింది. వాకిట్లో మాటలు ఆగిపోవడం వినిపించింది.

జవాబు రాదని తెలిసి ప్రశ్న అడగడం నా చదువు నేర్పిన పద్ధతి కాదు. అయినా ఆమె పేరు పెట్టి పిలిచాను. "అక్కా, లిగెరీ. నేను మెనేలాస్‌ని. వచ్చినవాళ్లు కూర్చున్నారు. మాట్లాడు." నా గొంతు తరగతి గదిలో హాజరు పిలిచినట్టు ఉందని నాకే తెలుస్తోంది. ఇప్పుడు ఆమె జవాబు చెప్పాలి, నా నోటితో. నిజం కానిది చెప్పనని మాటిచ్చాను. ఆమె మరియ తల్లిని తలిచిందో లేదో నాకు తెలియదు. వచ్చినవాళ్లకు దీవెనలు పెట్టిందనడం అబద్ధం. నా దగ్గర ఉన్న రుజువైన మాటలు రెండే. వాటినే, ఆమె అన్న తీరులోనే చెప్పాను.

"పైకెళ్లి అంజూరాలు తిరగెయ్యరా. ఒక పక్కే ఎండితే లోపల పులుస్తాయి."

నవ్వుతారనుకున్నాను. స్తమాతా ముందుకు వంగి పెట్టె అంచు పట్టుకుంది. ఆమె గొంతు కింది నుంచి, నెమ్మదిగా, రాగంతో లేచింది. "ఒక పక్కే ఎండాను చెల్లెళ్లారా, నల్లబట్టలో ఒక పక్కే ఎండాను. తిరగెయ్యండి నన్ను, రెండో పక్కకు పొద్దు చూపించండి..." ఆడవాళ్లంతా ఒక్కసారిగా అందుకున్నారు. లిగెరికి కాని పెళ్లి, ఆమె అమ్మకు చేసిన చాకిరీ, ఊరి శవాలన్నీ ఆ పాదం వెంట వరసగా వచ్చాయి. పాట మట్టి వేసేదాకా ఆగలేదు. వాకిట్లో సరాంతోస్ కళ్లు తుడుచుకున్నాడని తర్వాత చెప్పారు.

మా ఆచారం ప్రకారం, ఆమె పోయిన నలభయ్యో రోజున గుడి బయట ఉడికించిన గోధుమలూ, అంజూరాలూ పంచారు. అప్పటికి ఆ మాట పొరుగూళ్లకు చేరిపోయింది. సరాంతోస్ దోసిట్లో గోధుమలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఎంత మాటంది మాస్టారూ! పోతూ పోతూ మీకే చెప్పిపోయింది. ఇన్నేళ్లూ మీరు లెక్కల పక్కే ఎండారని."

"అంజూరాల గురించి అంది, సరాంతోస్. తడకల మీద అంజూరాలున్నాయి. ఎండ ఒక పక్క నుంచే పడుతుంది."

"మీకు పద్యం ఎక్కదు," అని అతడు నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆమె పేరుతో గుడి గోడ మీద చిన్న పలక వేయించే ఆలోచన ఉందని పోతూ పోతూ చెప్పాడు.

స్తమాతా నా పక్కనే నిలబడి పండు నములుతోంది. "ఆ మాట తర్వాత ఇంకేం అనలేదా?" అని అడిగింది.

"నేను పైన ఉన్నాను."

"అయితే అనుండొచ్చు."

"అనుండొచ్చు. నాకు తెలియదు. నేను విన్నంతలో అదే చివరిది. పలక వేస్తే ఆ ముక్క కూడా చెక్కించాలి."

"రాయి చాలదు," అంది స్తమాతా. తొడిమె కొంగులోకి ఉమ్మి నన్ను ఎగాదిగా చూసింది. "మరి మీ మీద మొదలుపెట్టడానికి రక్తం ఎవరూ లేరు. మీ నోట ఎవరూ ఏదీ పెట్టలేరు. మీరు కోరుకున్నదదేగా? సంతోషమేనా?"

సంతోషమేనని చెప్పవలసిన మనిషిని.

"అవసరమైతే నువ్వే మొదలుపెట్టు," అన్నాను. "నియమం నేను మాఫీ చేస్తున్నాను. దేవుణ్ణి మాత్రం తేకు."

"లిగెరి కట్టిన పాట నాకొచ్చు మాస్టారూ. చివర్లో బాగుంటుంది."

"ఆమె ఒప్పందం చేసుకుంది."

"నేను చేసుకోలేదుగా," అంది స్తమాతా, ఇంకో అంజూరం తీసుకుంటూ. "ముందు పోండి. పోయాక మీరే చెబుతారు."